నకలు రాసే పనిని యంత్రానికి అప్పగించిన గ్రేస్ హాపర్

కంప్యూటర్ చరిత్రలో పెద్ద పెద్ద యంత్రాలు నిర్మించినవారి పేర్లు మనకు కొంతైనా తెలుసు. ఆ యంత్రాల ముందు కూర్చుని రాత్రింబవళ్లు పనిచేసే వాళ్ల కష్టం తగ్గించినవారి పేర్లు అంతగా తెలియవు. అలాంటివారిలో ముందుగా చెప్పుకోవలసింది గ్రేస్ హాపర్ గారిని. ఒకే సంగతిని పదిచోట్ల చేత్తో ఎత్తి రాయడంలోని బాధ ఆవిడకు తెలుసు. మా రైతు కుటుంబాలకూ తెలుసు. అందుకే ఈ వ్యాసానికి ఆవిడ జీవితాన్ని ఎంచుకున్నాను.

గ్రేస్ 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్కు నగరంలో జన్మించారు. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని ఇంట్లో ఉన్న ఏడు గడియారాలనూ వరుసగా విప్పేశారట. తల్లి పెద్దగా కోప్పడలేదు గాని, ఇకమీదట ఒక్క గడియారంతో సరిపెట్టుకోమన్నది. 1928లో వాసర్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రాలతో పట్టా పుచ్చుకున్నారు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందారు. తాను చదువుకున్న వాసర్‌లోనే లెక్కల పాఠాలు చెప్పారు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. ఆవిడ పట్టు విడవలేదు. 1943 డిసెంబరులో చేరనే చేరారు. మరుసటి ఏడు హార్వర్డు విశ్వవిద్యాలయంలో హోవర్డ్ ఐకెన్ నడుపుతున్న మార్క్-1 యంత్రం దగ్గరకు పంపారు. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఆజ్ఞలన్నీ కాగితపు టేపు మీద రంధ్రాలుగా పొడిచి ఇవ్వాలి.

సైను విలువ లాంటివి చాలా లెక్కల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకసారి సరిగ్గా పనిచేసిన ఆజ్ఞల వరుసను ఎవరికి వారు నోటుపుస్తకంలో రాసి ఉంచుకునేవారు. అవసరం పడ్డప్పుడు ఒకరి పుస్తకంలోంచి మరొకరు ఎత్తి రాసుకునేవారు. ఎత్తి రాసేటప్పుడు ఎంత తెలివైనవాడైనా ఎక్కడో ఒక అంకె తప్పుతాడు. దానికి తోడు మరొక చిక్కు కూడా ఉంది. ఒక ముక్కను సున్నా నుండి లెక్కపెట్టి రాసి ఉంటారు. దాన్ని కొత్త ప్రోగ్రాములో 300వ స్థానం నుండి పెట్టాలంటే, లోపలి చిరునామాలన్నిటికీ 300 కలపాలి. 12 ఉన్నచోట 312 రావాలి. ఎత్తి రాయడంలో ఒక తప్పు, కూడికలో ఒక తప్పు. చివరికి జవాబు మొత్తం తప్పు.

ఇదేదో చిన్న విషయం అనుకునేవారి కోసం మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. పంట రుణం కోసం మా నాన్న పెట్టిన దరఖాస్తు ఒక ఆఫీసులో నాలుగు రిజిస్టర్లలోకి ఎక్కింది. మూడింటిలో సర్వే నంబరు సరిగానే ఉంది. నాలుగోదానిలో 214 కాస్తా 241 అయి కూర్చుంది. ఆ ఒక్క అంకె దిద్దించుకొచ్చేసరికి నాట్లు అయిపోయాయి. పెట్టుబడికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవలసి వచ్చింది. ఆ గుమాస్తా కావాలని చేశాడని నేను అనను. చేత్తో నకలు రాస్తే అలాగే అవుతుంది.

హాపర్ గారు చేసిందల్లా ఆ పనిని మనిషి చేతిలోంచి తీసి యంత్రానికి ఇవ్వడమే. 1949లో యూనివాక్ తయారుచేస్తున్న ఎకర్ట్-మాచ్లీ కంపెనీలో చేరారు. పనికొచ్చే ముక్కలన్నిటినీ టేపు మీదికి ఎక్కించి, ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు ఇచ్చారు. ఏ ముక్క తర్వాత ఏది కావాలో ఆ గుర్తులు రాసిస్తే చాలు. యంత్రమే ఆ ముక్కలను వెతికి, నకలు తీసి, చిరునామాలు సరిచేసి, ప్రోగ్రాము కూర్చి ఇస్తుంది. 1952 నాటి ఈ పనిముట్టు పేరు ఏ-0. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గాని ప్రోగ్రాము తయారుచేయడమేమిటని చాలామంది నమ్మలేదు.

మన ల్యాబులో నేడు స్క్రిప్టు చేసేదీ ఆ జాతి పనే. అరవై మందికి అరవై ఫోల్డర్లు. ప్రతిదానిలోనూ ఒకే ప్రాక్టికల్ ఫైలు పెట్టాలి. చేత్తో పెడుతూ పోతే నలభై దాటేసరికి కన్ను మందగిస్తుంది. ఒకరికి రెండుసార్లు పడుతుంది, ఒకరికి అసలు పడదు. స్క్రిప్టుకు మూడే సంగతులు చెప్పాలి: ఏ ఫైలు, ఏ పెద్ద ఫోల్డరు, దాని లోపల ఉన్న ప్రతి ఫోల్డరుకూ ఒకసారి చొప్పున నకలు వెయ్యి అని. క్షణాల్లో అయిపోతుంది.

అయితే యంత్రానికి మంచి చెడ్డ తెలియదు. అసలు కాగితంలోనే 241 ఉంటే, అరవై చోట్లా 241 అనే రాస్తుంది. అదే పేరుతో లోపల ఎవరిదైనా ఫైలుంటే, వద్దని ముందే చెప్పకపోతే, వాళ్లు నెలరోజులు రాసుకున్నదాన్ని తుడిచి దానిమీద కొత్తది పెట్టేస్తుంది. వేగం ఎంత ఉంటే నష్టమూ అంతే.

తర్వాత ఆవిడ ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు రాసే ఫ్లో-మాటిక్ భాషను రూపొందించారు. 1959లో మొదలైన కోబాల్ భాషకు అదే ముఖ్యమైన ఆధారం. 1966లో నౌకాదళం ఆవిడకు విశ్రాంతి ఇచ్చి, మరుసటి ఏడే మళ్లీ పిలిపించుకుంది. ఉపన్యాసాల్లో సుమారు 11.8 అంగుళాల తీగ ముక్కలు పంచిపెట్టేవారు. ఒక నానోసెకనులో కాంతి పోగలిగే దూరం అంతే. పాత అలవాటే సరైనదనే వాదన ఆవిడకు నచ్చేది కాదు. వెనక్కి తిరిగే గడియారాన్ని గోడకు తగిలించుకున్నారు. 1986లో రియర్ అడ్మిరల్‌గా విరమించేనాటికి వయసు 79. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2016లో అమెరికా ప్రభుత్వం మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చి గౌరవించింది.

వచ్చే ఏడు ఫోల్డర్లు నింపే పని ఏ జూనియర్ మిత్రుని నెత్తిన పడుతుందో తెలియదు. స్క్రిప్టు రాసుకోవడం ఆ మిత్రుడు తప్పక నేర్చుకోవాలి. నడిపేముందు అసలు ఫైలును ఇంకొకరి చేత చదివించాలి. నకలు వేయకుండా ఫోల్డర్ల పేర్లు మాత్రం ఒకసారి తెరమీద చూసుకోవాలి. అయ్యాక అరవైకి అరవై వచ్చాయో లేదో లెక్కపెట్టాలి. ఎత్తి రాసే చాకిరీ యంత్రానిది. సరిచూసే బాధ్యత మాత్రం మనదే.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి