కొలతకు అంకితమైన జీవితం

బట్టను కొలిచే గజం, బావి లోతును తెలిపే బార, దారిని లెక్కించే కోసు – పూర్వం మన దేశంలో పొడవులకు ఇటువంటి కొలమానాలు ఎన్నో ఉండేవి. మూర అంటే మోచేతి నుండి వేలికొన వరకు గల పొడవు. కొలిచే చేయి మారితే మూర కూడా మారేది. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్స్ దేశంలోనూ ఇదే పరిస్థితి. అక్కడి రాజమానం పేరు త్వాజ్. త్వాజ్‌కు ఆరు అడుగులు, అడుగుకు పన్నెండు అంగుళాలు, అంగుళానికి పన్నెండు లీన్యులు; అనగా త్వాజ్‌కు 864 లీన్యులు. అయితే పేరు ఒకటే అయినా ఊరు మారితే కొలత మారేది. ఈ గందరగోళాన్ని తొలగించే మహాయత్నంలో జీవితాన్ని ధారపోసిన ఖగోళ శాస్త్రవేత్త పియెర్ మెషేన్.

మెషేన్ 1744 ఆగస్టు 16న లాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి గార పని చేసేవాడు. పేదరికం చదువుకు అడ్డు తగిలినా మెషేన్ గణితాన్ని విడువలేదు. అనేక తోకచుక్కలను కనుగొని, 1782లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు సభ్యుడయ్యాడు.

1791లో ఆ పరిషత్తు ఒక నిర్ణయం చేసింది. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటి వంతు ఇకపై పొడవుకు ప్రమాణం కావాలి. అదే మీటరు. ఏ రాజు చేతికీ, ఏ ఊరి ఆచారానికీ లోబడని ఈ కొలత సర్వమానవులదీ కావాలన్నది వారి ఆశయం. అందుకోసం డంకర్క్ నుండి బార్సిలోనా వరకు భూమిని కొలవవలసి వచ్చింది. 1792లో దెలాంబర్ ఉత్తర భాగానికి, మెషేన్ దక్షిణ భాగానికి బయలుదేరారు. కొండ శిఖరాలు, చర్చి గోపురాల మీది నుండి కోణాలను కొలుస్తూ త్రిభుజాల గొలుసును అల్లడం వారి పద్ధతి.

మెషేన్ బార్సిలోనా చెంత మోంట్‌జుయిక్ కోటపై నక్షత్రాలను పరిశీలించి అక్షాంశాన్ని నిర్ణయించాడు. 1793లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య యుద్ధం వచ్చింది. ఆ ఏడాదే ఒక ప్రమాదంలో ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. స్వదేశానికి వెళ్ళే వీలు లేక, నగరంలోని ఒక బసలో మళ్ళీ అక్షాంశాన్ని కొలిచాడు. రెండు ఫలితాలకూ సుమారు మూడు సెకన్ల కోణభేదం వచ్చింది. భూమిపై అది వంద మీటర్ల లోపు దూరమే. అయినా ఆయన మనసు కకావికలమైంది. యుద్ధం వల్ల కోటకు మరల వెళ్ళి సరిచూసుకొనే అవకాశం లేదు. ఆ భేదాన్ని ఎవరికీ చెప్పక గుండెల్లోనే దాచుకున్నాడు.

1799లో ప్లాటినంతో చేసిన మీటరు కడ్డీని ప్రభుత్వ భాండాగారంలో భద్రపరిచారు. దాని పొడవు 443.296 లీన్యులు. 864ను ఈ సంఖ్యతో భాగిస్తే త్వాజ్ 1.949 మీటర్లని తెలుస్తుంది. పాత కొలతను కొత్త కొలతలోకి మార్చే తాళపుచెవి అదే. లోకం మెషేన్‌ను కీర్తించింది. పారిస్ వేధశాల ఆయన ఆధ్వర్యంలోకి వచ్చింది. కాని ఆయనకు మనశ్శాంతి లభించలేదు. కొలతను మరింత దక్షిణానికి పొడిగించాలని 1803లో తిరిగి స్పెయిన్‌కు వెళ్ళాడు. అక్కడ జ్వరం సోకి 1804 సెప్టెంబరు 20న కాస్తెయోన్‌లో కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం దెలాంబర్ ఆ కాగితాలను పరిశీలించి దాగిన భేదాన్ని కనుగొన్నాడు. మిత్రుని నిందించకుండా, సత్యాన్ని మరుగుపరచకుండా దానిని గ్రంథస్థం చేశాడు. నేటి లెక్కల ప్రకారం ధ్రువం నుండి భూమధ్యరేఖకు దూరం సుమారు 10,002 కిలోమీటర్లు. అంటే నాటి మీటరు అనుకున్నదానికన్నా దాదాపు 0.2 మిల్లీమీటరు పొట్టిది. అందుకు ముఖ్య కారణం మెషేన్ దాచిన భేదం కాదు. భూమి ఆకారం అప్పటి శాస్త్రవేత్తలు ఊహించినంత క్రమంగా లేకపోవడమే.

మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ విధానాన్ని స్వీకరించింది. నేడు గజాన్ని 0.9144 మీటరుగా మార్చుకొనే ప్రతి విద్యార్థి లెక్కలోనూ మెషేన్ శ్రమ నిలిచి ఉంది. కొలతలో భేదం రావడం దోషం కాదు. దానిని వెల్లడించినప్పుడే అది పదిమందికీ జ్ఞానమవుతుంది. దాచుకుంటే ఒక్కరికే భారమవుతుంది.