న్యూజెర్సీ అమ్మాయి ఆడిన రాధ

పిల్లల్ని శనివారం కూచిపూడి క్లాసుకీ, ఆదివారం పియానో క్లాసుకీ కార్లో తిప్పే మన తల్లిదండ్రులకు రూత్ సెయింట్ డెనిస్ గురించి చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని ఒంటితో చూపించాలని గట్టిగా పూనుకున్న అమెరికన్ నర్తకి ఆవిడ. మొదలుపెట్టింది మాత్రం మన దేవతల పేరుతో.

1879లో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో పుట్టారు. సోమర్‌విల్ దగ్గర పొలంలో పెరిగారు. (ఇప్పుడు ఆ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో!) నాటకాల్లో చిన్న వేషాలు వేస్తున్న రోజుల్లో, 1904లో, బఫెలోలో ఒక సిగరెట్ల ప్రకటన మీద ఈజిప్టు దేవత బొమ్మ చూశారు. ఆ ఏడే కోనీ ఐలండ్‌లో ఇండియా పేరుతో పెట్టిన వినోద ప్రదర్శనా చూశారు. మన దేశం గురించి ఆవిడ కళ్ళారా చూసింది ఆ మాత్రమే. మిగతాది పుస్తకాల్లో చదివింది.

ఆ పెట్టుబడితోనే 1906లో న్యూయార్కులో రాధ ఆడారు. గుడిలో విగ్రహం ప్రాణం పోసుకుని, నగలతో, గంటలతో, పూలతో ఒక్కొక్క ఇంద్రియాన్నీ ఆడి, చివరికి అన్నీ వదిలి ధ్యానంలోకి వెళ్ళిపోతుంది. జయదేవుడి రాధకూ ఈవిడకూ పేరు తప్ప చుట్టరికం లేదు. సంగీతం ఫ్రెంచి స్వరకర్త డెలీబ్ 1883లో ఇండియా కథతో కట్టిన లక్మే ఆపెరాలోది. చుట్టూ పూజారుల వేషాల్లో మాత్రం న్యూయార్కులో దొరికిన అసలు భారతీయులు! వాళ్ళ పని ఊరికే కూర్చోవడం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అయితే ఆవిడని అక్కడితో వదిలేస్తే అన్యాయం. 1915లో భర్త టెడ్ షాన్‌తో కలిసి లాస్ ఏంజిలిస్‌లో డెనిషాన్ పాఠశాల పెట్టారు. మార్తా గ్రాహమ్, డోరిస్ హంఫ్రీ అక్కడ తయారైనవాళ్ళే. హంఫ్రీ తోడుగా, కథనీ దేవతనీ పక్కనబెట్టి సంగీతాన్నే కంటికి చూపించే నాట్యాలు కట్టారు. షూబర్ట్ అసంపూర్ణ సింఫనీకి ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క నర్తకి. ఆ వాద్యం మోగితే కదలాలి, ఆగితే ఆగాలి. 1920లో షూమన్ పియానో రచనకి కట్టిన సోరింగ్‌లో ఐదుగురు అమ్మాయిలు పెద్ద పట్టుగుడ్డని గాలిలోకి లేపుతారు. స్వరం లేస్తే గుడ్డ లేస్తుంది.

జతికి అడుగు వెయ్యడం చూసిన మనకి ఇది వింతేం కాదు. కానీ మన దగ్గర జతి అయ్యాక సాహిత్యం ఉంది, అభినయం ఉంది. ఇక్కడ స్వరమే సర్వస్వం, అందుకే రెండోసారి చూసేసరికి తర్వాత ఏం జరుగుతుందో నాకు ముందే తెలిసిపోయింది. హంఫ్రీకీ విసుగు పుట్టిందేమో, డెనిషాన్ వదిలిన 1928లోనే అసలు సంగీతమే లేని వాటర్ స్టడీ కట్టారు. అందులో నర్తకుల ఊపిరే తాళం.

రూత్ ఇండియాకి వెళ్ళింది 1926లో, రాధ ఆడిన ఇరవై ఏళ్ళకి! అక్కడ ఆవిడ చీర కట్టి ఆడితే మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు మన పెద్దిళ్ళలో కళావంతుల ఆటంటే ఈసడింపు. అదే కళ పేరు చెప్పి దొరసాని ఆడితే ముచ్చటపడ్డారన్నమాట. ఇది గుర్తొచ్చినప్పుడు ఆవిడ మీద నా కోపం సగం దిగిపోతుంది.

1941లో మసాచుసెట్స్‌లోని జేకబ్స్ పిల్లోలో, అరవై దాటిన వయసులో మళ్ళీ రాధ ఆడారు. దాన్ని ఫిల్ము తీశారు కూడా. 1960లో అదే చోట, కోరాడ నరసింహారావు గారి దగ్గర కూచిపూడి నేర్చుకున్న ఇంద్రాణీ రెహమాన్ ఆడారు. రూత్ అప్పటికింకా ఉన్నారు. 1968లో లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశారు.