బార్బరా స్ట్రోజీ

బార్బరా స్ట్రోజీ (1619 – 1677 నవంబరు 11) ఇటలీ దేశానికి చెందిన గాయని, స్వరకర్త. వెనిస్ నగరంలో జన్మించిన ఈమె తాను స్వరపరచిన పాటలను తానే పాడి పేరు గడించింది. 1644 నుండి 1664 వరకు తన రచనలను ఎనిమిది సంపుటాలుగా అచ్చు వేయించింది. లౌకిక గాత్ర సంగీతాన్ని ఇంత విస్తారంగా ముద్రించినవారు ఆ కాలపు వెనిస్ స్వరకర్తలలో, పురుషులలో సైతం, అరుదు. అయినప్పటికీ మరణానంతరం సుమారు మూడు వందల సంవత్సరాలు ఈమె సంగీతం మరుగున పడి ఉన్నది. 20వ శతాబ్దపు చివరి భాగంలో పరిశోధకుల కృషి వలన అది తిరిగి వెలుగులోకి వచ్చింది.

జననం, బాల్యం

బార్బరా 1619 ఆగష్టు 6న వెనిస్‌లో బాప్తిస్మం పొందింది. తల్లి ఇసబెల్లా గార్జోనీ, కవి, నాటక రచయిత అయిన జూలియో స్ట్రోజీ ఇంటిలో పరిచారిక. జూలియో బార్బరాను దత్తపుత్రికగా స్వీకరించి తన ఇంటిపేరు ఇచ్చాడు. అతడే ఆమె కన్నతండ్రి అని చరిత్రకారులలో అధికులు భావిస్తారు. ఫ్లోరెన్స్‌కు చెందిన ప్రసిద్ధ వర్తక కుటుంబంలో పుట్టిన జూలియో తాను కూడా వివాహేతర సంతానమే. అతడు కుమార్తె ప్రతిభను చిన్ననాటనే గుర్తించి, ఆనాటి వెనిస్ సంగీతజ్ఞులలో అగ్రగణ్యుడైన ఫ్రాంచెస్కో కవల్లి వద్ద శిక్షణ ఇప్పించాడు. నికొలో ఫొంతేయీ అనే స్వరకర్త 1635, 1636 సంవత్సరాలలో ఈమె పాడటానికి అనువైన పాటలను రెండు సంపుటాలుగా వెలువరించాడు. అప్పటికి బార్బరాకు పదిహేడేళ్ళు మించలేదు.

యూనిసోనీ గోష్ఠి

1637లో వెనిస్‌లో రెండు విశేషాలు జరిగాయి. టిక్కెట్టు కొని ఎవరైనా చూడగల తొలి ఒపెరా నాటకశాల ఆ నగరంలో తెరవబడింది. అదే సంవత్సరం జూలియో తన ఇంట "యూనిసోనీ" అనే పండిత గోష్ఠిని నెలకొల్పాడు. బార్బరా ఒపెరా రంగస్థలం మీద పాడినట్లు దాఖలాలు లేవు. ఈ గోష్ఠియే ఆమెకు వేదిక అయింది. సభలో ఆమె పాటలు పాడేది, చర్చకు విషయాలను ప్రతిపాదించేది, వక్తలకు బహుమతులు అందజేసేది. ప్రేమలో కన్నీరు బలమైనదా, గానం బలమైనదా అన్నది అక్కడ చర్చకు వచ్చిన అంశాలలో ఒకటి.

పురుషుల సభకు ఒక యువతి అధ్యక్షత వహించడం నిందలకు కారణమైంది. గోష్ఠిని, బార్బరా శీలాన్ని అపహాస్యం చేసే అజ్ఞాత రచనలు చేతివ్రాత ప్రతులుగా నగరంలో వ్యాపించాయి.

ముద్రిత రచనలు

బార్బరా మొదటి సంపుటి 1644లో వెలువడింది. జూలియో వ్రాసిన గీతాలకు రెండు మొదలు ఐదు వరకు గళాలతో కూర్చిన మాడ్రిగల్ అనే బృందగానాలు ఇందులో ఉన్నాయి. దీనిని టస్కనీ పాలకుని భార్య విత్తోరియా దెల్లా రోవెరెకు అంకితం చేసింది. రోవెరె అనగా ఓక్ వృక్షం. స్త్రీ అయి ఉండి గ్రంథం ప్రచురించడం సాహసమని తాను ఎరుగుదుననీ, ఆ వృక్షపు నీడలో తన పుస్తకం అపవాదుల పిడుగుల నుండి రక్షణ పొందాలనీ అంకిత పత్రంలో కోరింది.

1652లో జూలియో మరణించాడు. అతడు మిగిల్చిన ఆస్తి స్వల్పం. అంతవరకు రెండు సంపుటాలు మాత్రమే ప్రచురించిన బార్బరా 1654 నుండి 1664 లోపల మరో ఆరు వెలువరించింది. వీటిని రాజవంశీయులకు, ఉన్నత కుటుంబాల వారికి అంకితం చేసినప్పటికీ ఏ ఒక్క ఆస్థానంలోనూ ఆమెకు స్థిరమైన కొలువు లభించలేదు. 1655 నాటి ఐదవ సంపుటిలో మాత్రమే భక్తిగీతాలు ఉన్నాయి.

రచనా విశేషాలు

ఈమె రచనలలో అధికభాగం సొప్రానో, అనగా స్త్రీల గాత్రంలో అత్యున్నత స్థాయి గళం, ఒక్కరే పాడటానికి ఉద్దేశించినవి. ఇవి తన గాత్రం కోసమే వ్రాసుకున్నవని విమర్శకుల అభిప్రాయం. హార్ప్సికార్డ్ లేదా ల్యూట్ వంటి వాద్యం మంద్రస్వరాలతో వెన్నంటి సాగుతుంది. పద్యంలోని భావం మారినప్పుడల్లా లయ, గమనం మారడం ఈమె శైలిలో ముఖ్య లక్షణం. శోకగీతాలలో ఈమె సిద్ధహస్తురాలు. 1651 నాటి రెండవ సంపుటిలోని ఒక శోకగీతంలో నాలుగు మంద్రస్వరాలు మెట్టు మెట్టుగా దిగుతూ మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. వాటిపై గాత్రం స్వేచ్ఛగా విలపిస్తుంది. అదే సంపుటిలోని మరొక గీతం 1642లో ఫ్రాన్స్‌లో శిరచ్ఛేదానికి గురైన సాంక్-మార్ అనే యువ ప్రభువును గురించినది.

కుటుంబ జీవితం

బార్బరా వివాహం చేసుకోలేదు. ఆమెకు నలుగురు సంతానం. వారిలో కనీసం ముగ్గురికి తండ్రి వెనిస్ ప్రముఖుడైన జొవాన్ని పావొలో విద్మాన్. కుమార్తెలు ఇద్దరూ కన్యాస్త్రీల మఠంలో చేరారు. ఒక కుమారుడు సన్యాసి అయ్యాడు. 1664 తరువాత ఆమె ప్రచురించిన సంపుటాలు లేవు. 1677లో పాదువా నగరంలో మరణించింది.

పునరావిష్కరణ

ఒపెరాలు వ్రాయనందున రంగస్థల చరిత్రలో ఈమెకు చోటు దక్కలేదు. పేరు ప్రస్తావించినవారు సైతం సంగీతం కంటే శీలాన్ని గురించే ఎక్కువగా చర్చించారు. డ్రెస్డెన్ చిత్రశాలలో బెర్నార్దో స్ట్రోజీ చిత్రించిన ఒక పటం ఉన్నది. అందులో సడలిన దుస్తులతో, చేతిలో వియోలా ద గాంబా వాద్యంతో కనిపించే యువతి బార్బరాయేనని పరిశోధకులు భావిస్తారు. ఈ పటాన్ని, అజ్ఞాత రచనలను ఆధారం చేసుకుని కొందరు ఆమెను వేశ్యగా ఊహించారు.

1978లో ఎలెన్ రొజాండ్ ప్రచురించిన వ్యాసం బార్బరాను స్వరకర్తగా పండితుల దృష్టికి తెచ్చింది. 1990లలో బెత్ గ్లిక్సన్ వెనిస్ దస్తావేజులను పరిశీలించి ఆమె ఆర్థిక వ్యవహారాలు, సంతానం, మరణం గురించిన వివరాలు వెలికితీసింది. విద్మాన్‌తో దీర్ఘకాల అనుబంధం, మదుపులు, అప్పులు మొదలైనవి కలిగిన ఒక గృహిణి జీవితం వాటిలో కనబడింది. క్రమంగా ఆమె పాటలు కచేరీలలో, రికార్డులలో వినబడసాగాయి. 2019లో నాలుగు వందల జయంతి సందర్భంగా అనేక దేశాలలో కచేరీలు జరిగాయి.

ఆమె గాత్రం ఎలా ఉండేదో నేడు తెలుసుకునే వీలు లేదు. నిందలకు వెరవక పాటలను అచ్చు వేయించినందువల్లనే అవి నిలిచాయి. ఎనిమిది సంపుటాలలో ఏడు లభ్యమవుతున్నాయి. నాలుగవ సంపుటి మాత్రం లభించలేదు.