తర్కసంగ్రహకర్త అన్నంభట్టు - పరమాణు విచారము

ఆంధ్రుడై జన్మించి, కాశీలో కీర్తి గడించి, ఆసేతుహిమాచలము సంస్కృత పాఠశాలలన్నింటను తర్కమునకు తొలి గురువుగా నిలిచిన మహనీయుడు అన్నంభట్టు. కావ్యపాఠము ముగించి శాస్త్రమునకు వచ్చు విద్యార్థి ముందుగా చేతబట్టునది ఆయన తర్కసంగ్రహమే. ఆ మహనీయుని జీవితమును సంగ్రహముగా స్మరించి, పరమాణువును గూర్చి ఆయన ప్రతిపాదించిన విషయమును నేటి రసాయనశాస్త్రముతో సరిచూచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

అన్నంభట్టు క్రీ.శ. 17వ శతాబ్దివాడని విద్వాంసుల నిర్ణయము. తాను రాఘవసోమయాజి వంశీయుడనని, అద్వైతవిద్యాచార్యుడైన తిరుమలాచార్యుని పుత్రుడనని ఆయన గ్రంథాంతములందు చెప్పుకొన్నాడు. కాశీకి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని లోకోక్తి పుట్టినదనిన, ఆయన పాండిత్యము నాటివారి మనస్సులలో ఎంత లోతుగా నాటుకొన్నదో ఊహింపవచ్చును.

ఆయన ఒక్క తార్కికుడు మాత్రమే కాడు. వ్యాకరణమున పాణినిసూత్రములకు మితాక్షరను, కైయటుని ప్రదీపమునకు ఉద్ద్యోతనమును రచించినాడు. మీమాంసలో సోమేశ్వరుని న్యాయసుధకు రాణకోజ్జీవనిని, నవ్యన్యాయమున జయదేవుని ఆలోకమునకు సిద్ధాంజనమును కూర్చినాడు. బ్రహ్మసూత్రములకును వృత్తి వ్రాసినాడు. ఇన్ని శాస్త్రములను మథించినవాడు బాలురకు సుఖముగా బోధపడవలెనని చిన్న గ్రంథమును వ్రాయ పూనుకొనుటయే ఆయన ఘనత. కాణాదమును, గౌతమీయమును ఏకముచేసి తర్కసంగ్రహమును రచించి, దానికి తానే దీపిక అను వ్యాఖ్యను కూర్చినాడు. పెద్ద గ్రంథములు పండితుల పెట్టెలలో నిలిచినవి. ఈ చిన్న గ్రంథము ఆయన పేరును నిలిపినది. 19వ శతాబ్దిలో కాశీ సంస్కృత కళాశాలాధ్యక్షుడు బాలంటైన్ దీనిని ఆంగ్లీకరించినాడు. 1897లో అథల్యే, బోడస్ పండితుల పరిశ్రమతో బొంబాయి సంస్కృత గ్రంథమాలలో ఇది వెలువడినది.

ఇక ప్రకృతము. ద్రవ్యములు తొమ్మిదింటిలో పృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగును నిత్యములు, అనిత్యములు అని రెండు విధములు. పరమాణురూపములు నిత్యములు, కార్యరూపములు అనిత్యములు. పరమాణువు ఉన్నదనుటకు దీపికలో అనుమానము చూపబడినది. గవాక్షమునుండి వచ్చు సూర్యకిరణములో కానవచ్చు రజస్సు కంటికి గోచరించు ద్రవ్యము గనుక సావయవము. దాని అవయవము మహత్తునకు ఆరంభకము గనుక అదియు సావయవము. ఆ రెండవదాని అవయవమే పరమాణువు. దానికిని అవయవములున్నవన్నచో అనవస్థ. మా దుమ్ముగూడెము ప్రాంతమున పర్ణశాలకు పోయినవారు ఆకుల కప్పు సందులనుండి దిగు ఎండలో ఈ రజస్సును చూడవచ్చును. రెండు పరమాణువులు ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు త్ర్యణుకము. కనుక ఆ రజస్సున ఆరవ భాగము పరమాణువు.

ఐరోపాలో డాల్టన్ 1808లో ప్రకటించిన వాదమునకు ఆధారము వేరు. పదార్థములు ఏ తూకముల నిష్పత్తిలో కలియుచున్నవో తూచి, ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క భారము గల పరమాణువును ఆయన నిర్ణయించినాడు. 1869లో రష్యాదేశీయుడు మెండలీఫ్ నాటికి తెలిసిన 63 మూలకములను భారక్రమమున పేర్చగా, గుణములు మరల మరల ఆవర్తించుట కనబడినది. అదియే ఆవర్తన పట్టిక. ఖాళీగా మిగిలిన గళ్లకు ఆయన ఏక అను సంస్కృత సంఖ్యాశబ్దమును ముందు చేర్చి పేర్లు పెట్టినాడు. ఏక అల్యూమినియము 1875లో గాలియముగను, ఏక బోరాన్ 1879లో స్కాండియముగను, ఏక సిలికాన్ 1886లో జెర్మేనియముగను దొరకినవి. 1913లో మోస్లే భారమునకు బదులు పరమాణు సంఖ్యయే క్రమమునకు మూలమని స్థాపించినాడు. నేడు పట్టికలో 118 మూలకములు, 7 వరుసలు, 18 నిలువు వర్గములు కలవు.

ఈ రెండింటిని చూచి, మన పూర్వులకు అంతయు తెలిసియే యుండెనని సభలలో పలుకుట పరిపాటియైనది. ఇది శాస్త్రగౌరవమును పెంచు మార్గము కాదు. పదార్థములు ఏడగుట, పట్టికలో వరుసలు ఏడగుట కాకతాళీయము. తర్కసంగ్రహమున సువర్ణము తైజసము. పట్టికలో అది 79వ మూలకము. జలము మనకు మూలద్రవ్యము. రసాయనశాస్త్రమున హైడ్రోజన్, ఆక్సిజన్‌ల సంయోగము. ఎండలోని రజస్సున ఆరు కాదు, లక్షల కోట్ల పరమాణువులు కలవు. నిరవయవమనుకొన్న పరమాణువునందు 1897లో ఎలక్ట్రానును థామ్సన్, 1911లో కేంద్రకమును రూథర్‌ఫర్డ్ గుర్తించినారు.

అట్లయిన అన్నంభట్టు పాఠమునకు నేడేమి విలువ? కంటికి కానరాని వస్తువును హేతువుచే సాధించు పద్ధతి ఆయన ఇచ్చినది. కుండ కాలినప్పుడు రంగు మారుట పరమాణువులందా, కుండయందా అని పీలుపాక, పిఠరపాక వాదులు చేసిన విచారము, మార్పు ఎచ్చట జరుగుచున్నదను ప్రశ్నను సూటిగా అడుగుట నేర్పును. అయితే మనవారు హేతువును నిర్దుష్టముగా నిలిపి అచ్చట ఆగిరి. డాల్టన్ దానిని త్రాసులో పెట్టినాడు. హేతువు దుష్టమైన యెడల అనుమానమును విడువవలెనని హేత్వాభాస ప్రకరణమున బోధించినవాడు అన్నంభట్టే. సువర్ణము తైజసమని పాఠము చెప్పు అధ్యాపకుడు, అది ఏ హేతువుచే అట్లు చెప్పబడినదో, ఆ హేతువు నేడు ఏల నిలువదో కూడ విద్యార్థికి చెప్పినచో, అదియే ఆ ఆంధ్ర తార్కికునకు తగిన గురుదక్షిణ.