కారు తాళం దాకా వచ్చిన బోస్ తరంగాలు

పోయిన నెల పెళ్లి బట్టల కోసం ఇంటిల్లిపాదీ నార్సింగి వెళ్లాం. కొనడం అయ్యాక సెల్లార్ పార్కింగ్‌లో అబ్బా రిమోట్ ఎంత నొక్కినా కారు తెరుచుకోలేదు. రిమోట్‌లో సెల్ మొన్ననే మార్పించాం. అమ్మీ చేతుల్లో సంచులు, అక్క భుజం మీద ఏడుస్తున్న పిల్లాడు. చివరికి వాచ్‌మన్ వచ్చి, రిమోట్ లోపల దాగి ఉండే చిన్న తాళంచెవి చూపించాడు. దాంతో తలుపు తీశాం. కారు బయటికి తెచ్చాక చూస్తే రిమోట్ మామూలుగానే పనిచేస్తోంది!

ఇలా ఎందుకవుతుంది? మన దేశంలో చాలా కార్ల రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర చాలా బలహీనమైన రేడియో సిగ్నల్ పంపుతాయి. అదే ఫ్రీక్వెన్సీలోనో, దానికి దగ్గరలోనో బలమైన సిగ్నల్ ఇంకోటి ఉంటే, బారాత్ బ్యాండు పక్కన నిలబడి మాట్లాడినట్టే. కారుకు మన మాట వినపడదు. ఔటర్ రింగ్ రోడ్డు టోల్ దగ్గర ఫాస్టాగ్ చదివేదీ రేడియో తరంగమే, కొత్త కార్లలో ముందు బండి ఎంత దూరంలో ఉందో చూసే రాడారూ అదే. ఆ రాడార్ తరంగం పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తరంగాలను నూట ముప్పై ఏళ్ల కిందట కలకత్తాలో పుట్టించి చూపించిన మనిషి జగదీశ్ చంద్ర బోస్.

ఆయన 1858 నవంబర్ 30న, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర సర్కారు అధికారి. ఆ హోదా వాళ్లంతా పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపుతుంటే, ఈయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. తరగతిలో జగదీశ్‌కు ఒక పక్కన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం జవాను కొడుకు, ఇంకో పక్కన జాలరి కొడుకు. వాళ్లు చెప్పే పక్షుల, జంతువుల కబుర్ల వల్లే ప్రకృతి మీద ఆసక్తి కలిగిందని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. ఇంటికొచ్చిన ఆ పిల్లలందరికీ తల్లి తేడా చూపకుండా అన్నం పెట్టేదట.

కలకత్తా సెయింట్ జేవియర్స్‌లో చదివాక డాక్టర్ కావాలని లండన్ వెళ్లారు. జబ్బు పడి ఆ చదువు మానేసి, కేంబ్రిడ్జ్‌లో సైన్స్ చదివారు. 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ తెల్లవాళ్ల జీతంలో మూడింట రెండు వంతులే భారతీయులకు. పోస్టు తాత్కాలికం కాబట్టి అందులోనూ సగమే. అంటే చేతికొచ్చేది మూడో వంతు. బోస్ గొడవ చేయలేదు, ఉద్యోగమూ మానలేదు. మూడేళ్లు పాఠాలు చెప్పి ఒక్క రూపాయి జీతం తీసుకోలేదు. ఇంటి మీద తండ్రి అప్పులున్న రోజులవి! నేను కామర్స్ చదివినవాణ్ని, ఆ లెక్క తలుచుకుంటేనే గుండె దడ పుడుతుంది. చివరికి సర్కారే దిగొచ్చి పూర్తి జీతం బకాయిలతో సహా చెల్లించింది. ఆ డబ్బు అప్పులకు పోయింది.

సరైన ల్యాబ్ లేదు. చిన్న గదిలో, స్థానిక రేకుల పనివాడితో పరికరాలు చేయించుకున్నారు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో అందరి ముందూ తరంగాలు పంపారు. అవి గోడలు దాటి, 75 అడుగుల దూరంలో గంట మోగించాయి, మందుగుండు పేల్చాయి. మధ్యలో తీగ లేదు. ఆయన వాడిన తరంగాల్లో కొన్ని 5 మిల్లీమీటర్లంత చిన్నవి.

ఆయనకూ మనకొచ్చిన ఇబ్బందే వచ్చింది. సిగ్నల్ పట్టే పరికరం ఎంత సున్నితమంటే, అక్కర్లేని తరంగం తగిలినా స్పందించేది. అందుకని తరంగాలు పుట్టించే యంత్రాన్ని లోహపు పెట్టెలో మూసి, ఒక్క గొట్టం గుండా మాత్రమే బయటికి వదిలారు. కారు ఎలక్ట్రానిక్స్‌ను అక్కర్లేని సిగ్నళ్ల నుంచి కాపాడటానికి ఇప్పుడు లోహపు డబ్బాలు, తొడుగులు వాడేదీ ఈ సూత్రంతోనే.

1901లో ఒక వైర్‌లెస్ కంపెనీ యజమాని లాభాల్లో వాటా ఇస్తాను, పేటెంట్ తీసుకుందామని వెంటపడితే బోస్ వద్దన్నారు. విద్య అమ్ముకునేది కాదని ఆయన నమ్మకం. స్నేహితుల బలవంతం మీద అమెరికాలో వేసిన పేటెంట్ 1904లో వచ్చినా, దాంతో సొమ్ము చేసుకోలేదు. తర్వాత మొక్కల మీద పరిశోధనకు మళ్లారు. 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1937 నవంబర్ 23న గిరిడీలో కన్నుమూశారు. రేడియో అంటే లోకానికి గుర్తొచ్చేది మార్కోనీ పేరే. కానీ 1901లో అట్లాంటిక్ దాటిన సిగ్నల్ పట్టిన పరికరానికి మూలం 1899లో బోస్ ప్రచురించిన పనే అని తర్వాతి పరిశోధకులు చూపించారు.

ఇక మన సంగతి. రిమోట్ పలక్కపోతే కారుకు బాగా దగ్గరగా పట్టుకుని నొక్కండి. లోపలి తాళంచెవి ఎలా తీయాలో ఇంట్లో అందరికీ ఇవాళే నేర్పండి. బటన్ స్టార్ట్ కార్లలో రిమోట్‌ను ఎక్కడ ఆనించాలో కారు పుస్తకంలో ఉంటుంది. దిగి వెళ్లేటప్పుడు శబ్దం విని వదిలేయకుండా, చేత్తో తలుపు లాగి చూడండి. దొంగలు జామర్‌తో లాక్ పడకుండా చేసే మోసాలూ ఉన్నాయి. అనుమతి లేకుండా జామర్ వాడటం నేరం. జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే తాళమైతే, రాత్రి మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పెట్టండి. బోస్ గారి పెట్టె ఇప్పటికీ పనికొస్తుంది.