గోల్‌రక్షకుడు లెవ్ యాషిన్

లోకంలో కొన్ని బాధ్యతలు సక్రమంగా నెరవేరినంతకాలం ఎవరి దృష్టికీ రావు. ఒక్కసారి తప్పు జరిగిన నాడు మాత్రం అందరి వేళ్లూ ఆ బాధ్యత వహించిన మనిషి వైపే తిరుగుతాయి. ఫుట్‌బాల్ క్రీడలో గోల్‌కీపర్ స్థానం అటువంటిది. మన కళాశాల మైదానంలో సాయంకాలం రెండు రాళ్లు పెట్టి బంతి ఆడే విద్యార్థులను గమనించండి. గోల్ కొట్టడానికి పదిమందీ ముందుకు వస్తారు. గోలీగా నిలబడమంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరూ కోరుకోని ఆ స్థానంలో రెండు దశాబ్దాలు నిలిచి, దానికే గౌరవం సంపాదించి పెట్టిన మహాక్రీడాకారుడు లెవ్ యాషిన్.

1929 అక్టోబరు 22వ తేదీన మాస్కో నగరంలోని ఒక కార్మిక కుటుంబంలో యాషిన్ జన్మించాడు. బాల్యం ముగియకముందే యుద్ధమేఘాలు సోవియట్ దేశాన్ని ఆవరించాయి. కర్మాగారాలు తూర్పు ప్రాంతాలకు తరలిపోగా, ఆ కుటుంబం ఉల్యానొవ్‌స్క్ చేరింది. పెద్దలు యుద్ధరంగానికి వెళ్లినందున వారి యంత్రాల ముందు బాలురు నిలబడవలసి వచ్చింది. పుస్తకాలు పట్టవలసిన పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాయంలో యాషిన్ యుద్ధసామగ్రి తయారుచేసే కర్మాగారంలో కూలి అయ్యాడు. ఆ శ్రమభారం అతణ్ణి లోలోపల క్షీణింపజేసింది. పద్దెనిమిదేళ్లకే మనసు కుంగిపోయి పనికి వెళ్లడం మానివేశాడు. పని మానడం ఆనాడు అక్కడ శిక్షార్హమైన నేరం. హితుల సలహాపై సైనికసేవలో చేరాడు. అక్కడ ఆడుతున్న ఈ పొడగరి యువకుణ్ణి డైనమో మాస్కో సంఘపు యువజట్టు శిక్షకుడు అర్కాది చెర్నిషోవ్ చూసి చేరదీశాడు.

కాని ఆరంభం పరాభవంతోనే జరిగింది. తొలి రోజుల్లో ఒక స్నేహపూర్వక పోటీలో ప్రత్యర్థి గోల్‌కీపర్ తన గోల్ వద్ద నుండి తన్నిన బంతి గాలికి ఇవతలి దాకా వచ్చింది. దానిని అందుకోబోయిన యాషిన్ సొంత జట్టు ఆటగాణ్ణే ఢీకొన్నాడు. బంతి గోల్‌లోకి వెళ్లిపోయింది. 1950లో స్పార్టక్ జట్టుతో లీగ్ పోటీలో అవకాశం లభించినప్పుడు కూడ ఇటువంటి పొరపాటే జరిగింది. తరువాత మూడేళ్ల పాటు అతనికి ప్రధాన జట్టులో సుస్థిరమైన స్థానం దొరకలేదు. అయినా యాషిన్ నిరాశపడి ఇంటికి పోలేదు. మంచుపై ఆడే హాకీలో గోల్‌కీపర్‌గా నిలిచి, 1953లో డైనమో సోవియట్ కప్ గెలుచుకోవడంలో పాలుపంచుకున్నాడు. ఆ చిన్న, వేగవంతమైన బిళ్లను అడ్డగించిన అభ్యాసం వ్యర్థం కాలేదు. 1954లో ఫుట్‌బాల్ జట్టులో స్థానం సుస్థిరమైంది. డైనమో ఆ ఏడే లీగ్ విజేత అయింది.

అంతకుముందు గోల్‌కీపర్ అంటే గీతపై నిలబడి బంతి కోసం వేచి ఉండేవాడు. యాషిన్ గీతను దాటి ముందుకు వచ్చాడు. ప్రత్యర్థి సమీపించకముందే బంతిని అందుకునేవాడు. పట్టుకొనుటకు వీలులేనప్పుడు పిడికిలితో దూరంగా కొట్టేవాడు. తన ముందున్న రక్షకులకు కేకలు వేసి ఎవరు ఎక్కడ నిలవాలో చెప్పేవాడు. చేతచిక్కిన బంతిని వెంటనే తనవారికి విసిరి ఎదురుదాడిని ఆరంభించేవాడు. నల్లని దుస్తులు, పొడవైన చేతులు చూసి జనం అతనికి నల్ల సాలీడు అని పేరు పెట్టారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మనకు కూడ స్మరణీయమైనవి. హైదరాబాదుకు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ తీర్చిదిద్దిన భారతజట్టు అక్కడ సెమీఫైనల్ చేరి, యుగోస్లావియా చేతిలో 4-1 తేడాతో ఓడి, నాలుగవ స్థానం పొందింది. ఆ యుగోస్లావియానే ఫైనల్‌లో సోవియట్ జట్టు 1-0తో ఓడించింది. గోల్ వద్ద నిలిచినవాడు యాషిన్. 1960లో ఫ్రాన్స్‌లో జరిగిన తొలి యూరోపియన్ నేషన్స్ కప్ కూడ ఆ జట్టుకే దక్కింది.

ఇంతటి కీర్తి ఒక్క వేసవిలో మసకబారింది. 1962లో చిలీ దేశంలో జరిగిన ప్రపంచ కప్‌లో కొలంబియాపై 4-1 ఆధిక్యంలో ఉన్న సోవియట్ జట్టు చివరకు 4-4తో సరిపెట్టుకుంది. అందులో ఒక గోల్ కార్నర్ నుండి నేరుగా వచ్చింది. క్వార్టర్ ఫైనల్‌లో చిలీ 2-1తో గెలిచింది. ఆ ఆటలను స్వదేశంలోని ప్రజలు కన్నులారా చూడలేదు. పత్రికలు వ్రాసినదే వారికి ప్రమాణమైంది. పదకొండుమంది ఓటమి ఒక్కని తలపై పడింది. స్టేడియంలో ఈలలు, ఇంటి మీద రాళ్లు, ముప్పది రెండేళ్లకే వృద్ధుడన్న మాట, ఇవి అతనికి దక్కిన బహుమానాలు. యాషిన్ ఆట మానివేయాలని తలపోశాడు. కొంతకాలం మైదానానికి దూరంగా గడిపి, మళ్లీ అభ్యాసానికి వచ్చాడు.

ఎవరితోనూ వాదించలేదు. 1963 లీగ్‌లో 27 పోటీలు ఆడి 6 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. అక్టోబరులో లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండుకు, ప్రపంచజట్టుకు జరిగిన శతవార్షిక పోటీలో మొదటి అర్ధభాగం ఆడి ఒక్క గోల్‌నూ రానీయలేదు. ఆ సంవత్సరమే ఐరోపా ఉత్తమ క్రీడాకారునికిచ్చే బాలన్ డోర్ అతణ్ణి వరించింది. ఆ గౌరవం పొందిన గోల్‌కీపర్ నేటికీ అతడొక్కడే.

1966 ప్రపంచ కప్‌లో సోవియట్ జట్టు నాలుగవ స్థానం పొందింది. 1971 మే 27న మాస్కోలో జరిగిన వీడ్కోలు పోటీకి దాదాపు లక్షమంది వచ్చారు. బాబీ చార్ల్‌టన్ వంటి మేటి ఆటగాళ్లు అందులో పాల్గొన్నారు. చివరి సంవత్సరాలు బాధాకరంగా గడిచాయి. వ్యాధివల్ల ఒక కాలు తొలగించవలసి వచ్చింది. 1990 మార్చి 20న, అరవై ఏళ్ల వయసులో యాషిన్ కన్నుమూశాడు. మరుసటి ఏడే అతడు ప్రాతినిధ్యం వహించిన సోవియట్ యూనియన్ అంతరించింది. అతని పేరు మాత్రం 2019 నుండి ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే బహుమతి రూపంలో నిలిచింది.

విద్యార్థి మిత్రులారా! పరీక్షలో ఒకసారి తప్పినంతనే పుస్తకాలు కట్టిపెట్టి ఇంటికి పోయినవారిని మేము ఏటా చూస్తున్నాము. వారిలో తెలివి తక్కువవారు అరుదు. చులకనగా మాట్లాడే నాలుగు నోళ్లకు భయపడినవారే ఎక్కువ. యాషిన్‌ను నిందించిన నోళ్లు నాలుగు కావు, వేలకొలది. అయినా అతడు మరుసటి ఏడు అదే మైదానానికి వెళ్లి, అదే గోల్ ముందు నిలబడ్డాడు. తప్పినవారు జూన్‌లో మళ్లీ తరగతి గదికి రావలెనని మా కోరిక.