నాదం వెనుక లెక్క: సి.వి. రామన్ జీవితంలో ఒక అధ్యాయం

సి.వి. రామన్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన కాంతి మీద పరిశోధన చేశారనీ, 1930లో నోబెల్ బహుమతి పొందారనీ మీకు తెలిసే ఉంటుంది. ఈ పాఠం ఆ బహుమతిని గురించి కాదు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఆయన ఏక్‌తార, వయొలిన్, తంబుర, మృదంగం వంటి వాద్యాలను ముందు పెట్టుకుని, చేతికి దొరికిన సామగ్రితో చేసిన పనిని గురించి.

ఆ పాత సంగతి మనకు ఇప్పుడెందుకు అని మీరు అడగవచ్చు. ఈ రోజుల్లో సెల్‌ఫోనులోనే తంబుర మోగుతుంది, తబలా మోగుతుంది. ఆసక్తిగల యువకులు కొందరు ఇంట్లో కూర్చుని తామే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి కంప్యూటరు చేత స్వరాలు పలికిస్తున్నారు. వారిని అడిగి చూడండి. తీగ మీటిన చప్పుడు తెప్పించడం అంత కష్టం కాదంటారు. మృదంగం దగ్గరకు వచ్చేసరికి మాత్రం డబ్బా మీద కొట్టినట్టు వస్తోందంటారు. తీగకు పనికివచ్చిన లెక్క చర్మానికి ఎందుకు పనికిరాదు? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారు రామన్. అప్పటికి కంప్యూటరు లేదు, ఫోనులో యాప్ లేదు. ఇసుక ఉంది, చేతి వేళ్ళు ఉన్నాయి, శ్రుతి తెలిసిన చెవి ఉంది.

ఆ చెవి ఇంట్లోనే తయారయింది. చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావలులో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు, వయొలిన్ వాయించేవారు. రామన్‌కు నాలుగేళ్ళ వయసులో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో ఉద్యోగం దొరికింది. ఆ విధంగా రామన్ బాల్యం మన తెలుగు నేల మీద, సముద్రపు ఒడ్డున గడిచింది. పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, తండ్రి పనిచేస్తున్న కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పూర్తిచేశారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల గురించి రాసిన గ్రంథం విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన చేతికి వచ్చింది. తన మీద ముద్రవేసిన మూడు పుస్తకాలలో అదొకటని రామన్ తర్వాత చెప్పుకున్నారు.

ఆ రోజుల్లో తెలివైన విద్యార్థి ఇంగ్లండు వెళ్ళి చదవాలి. రామన్ ఆరోగ్యం అందుకు తగదని వైద్యుడు చెప్పారు. మన దేశంలో పరిశోధనకు జీతమిచ్చే ఉద్యోగాలు దాదాపు లేవు. అందుచేత ఆయన ఆర్థికశాఖ పరీక్ష రాసి మొదటి స్థానం సంపాదించారు. అదే ఏడు లోకసుందరి అమ్మాళ్‌ను పెళ్ళిచేసుకున్నారు. ఆమె వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుండగా విని ఆయన ముచ్చటపడ్డారని చెబుతారు. 1907లో భార్యతో కలిసి కలకత్తా చేరి, అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కొలువులో చేరారు. వయసు ఇంకా పందొమ్మిది నిండలేదు.

ఒకరోజు ట్రాములో వెళుతుండగా బౌబజారు వీధిలో ఒక బోర్డు ఆయన కంటపడింది. అది డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన భారత విజ్ఞాన పరిశోధన సంఘం. భారతీయులు తమంతట తామే సైన్సు చేయాలని కోరి ఆయన దానిని నెలకొల్పారు. ఉపన్యాసాలు జరిగేవి గాని పరిశోధన చేసేవారు లేక పరికరాలు చాలావరకు ఊరికే పడి ఉండేవి. రామన్ వెళ్ళి అనుమతి అడిగారు. సంఘంవారు తాళాలు తెరిచారు.

అప్పటినుంచి ఆయన దినచర్య మారిపోయింది. తెల్లవారుజామునే ప్రయోగశాలకు వెళ్ళేవారు. తర్వాత ఇంటికి వచ్చి భోజనం చేసి ఆఫీసుకు పరుగు. సాయంత్రం ఆఫీసు వదలగానే మళ్ళీ ప్రయోగశాల, రాత్రి తొమ్మిది, పది గంటల వరకు. పగలంతా ఉద్యోగమో కూలిపనో చేసుకుని రాత్రివేళ పుస్తకం తెరిచే మీకు ఆ అలసట ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో రంగూనుకు, నాగపూరుకు బదిలీలయ్యాయి. 1911లో మళ్ళీ కలకత్తా వచ్చారు. ఇలా పదేళ్ళు గడిచాయి.

అక్కడ ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు అశుతోష్ డే అనే సహాయకుడు. అందరూ ఆయనను ఆశుబాబు అనేవారు. విశ్వవిద్యాలయంలో చదివినవారు కారు. అయినా రామన్‌తో కలిసి ఆయన పేరుతో కూడా పరిశోధన పత్రాలు విదేశీ పత్రికలలో అచ్చయ్యాయి. రామన్ కథ చెప్పే పుస్తకాలు ఆశుబాబును రెండు వాక్యాలలో దాటేస్తాయి. అది సరికాదని నా అభిప్రాయం.

మొదట పట్టుకున్న వాద్యాలలో ఒకటి ఏక్‌తార. బైరాగులు చేతబట్టుకుని పాడుతూ తిరిగే ఒంటితీగ వాద్యం అది. దాని మీద 1909లో ఒక పత్రం ప్రచురించారు. ఖరీదైన పరికరం అక్కరలేని ప్రయోగమది.

1917లో పెద్ద నిర్ణయం ఎదురయింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో భౌతికశాస్త్ర ఆచార్య పదవి ఏర్పడింది. వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అశుతోష్ ముఖర్జీ రామన్‌ను ఆ పదవికి పిలిచారు. అయితే జీతం ఆర్థికశాఖలో వచ్చేదానిలో దాదాపు సగం. పైగా ఆ పదవికి విదేశంలో శిక్షణ పొంది ఉండాలని నియమం ఉంది. శిక్షణ కోసం విదేశానికి వెళ్ళనని రామన్ ఖండితంగా చెప్పారు. ఆ నియమాన్ని సడలించారు. ఆయన ప్రభుత్వ ఉద్యోగం వదులుకున్నారు. ఒక సంసారి నెలజీతాన్ని సగం చేసుకోవడం చిన్న విషయం కాదు. అప్పటికి నోబెల్ బహుమతి గురించి ఎవరూ కల కూడా కనలేదని గుర్తుంచుకోండి.

ఆ తర్వాత చేసినదే వయొలిన్ యంత్రం. వయొలిన్ తీగ మీద కమాను నడిపేటప్పుడు ఎంత ఒత్తిడి పెట్టాలి, ఎంత వేగంతో లాగాలి, తీగలను మోసే బ్రిడ్జికి ఎంత దూరంలో ఆనించాలి అన్నవి విద్వాంసుడి చేతికి తెలుసు. అంకెలలో చెప్పమంటే చెప్పలేడు. మనిషి చెయ్యి రెండోసారి కచ్చితంగా అదే పని చేయదు కూడా. కాబట్టి రామన్ యంత్రం తయారుచేశారు. అందులో ఒక తమాషా ఉంది. కమాను ముందుకూ వెనక్కూ కదలాలని మనం అనుకుంటాం. రామన్ కమానును ఒకచోట నిలిపి ఉంచి, వయొలిన్‌నే మోటారు సాయంతో అటూ ఇటూ సమవేగంతో నడిపించారు. కమాను కదలకుండా ఉన్నది గనుక దాని మీద బరువులు మార్చి ఒత్తిడిని కొలవడం సులువయింది. బ్రిడ్జికి దగ్గరగా వచ్చేకొద్దీ స్వరం నిలకడగా పలకాలంటే కావలసిన ఒత్తిడి ఎలా పెరుగుతుందో దానితో లెక్కకట్టారు. 1920 ప్రాంతంలో ఆ వివరాలు సంఘం పత్రికలో వెలువడ్డాయి. పరికరం బల్ల మీద మరమేకులతో బిగించిన వ్యవహారమే. నోబెల్ బహుమతి కంటె నాకు ఈ యంత్రమే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది.

ఇక మృదంగం సంగతికి వద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

బిగించిన తీగను మీటితే అది ఒక్క పౌనఃపున్యంతోనే కంపించదు. పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య. మూలస్వరం 100 అయితే దానితోపాటు 200, 300, 400, 500 కూడా సన్నగా వినిపిస్తాయి. ఇవన్నీ మొదటి సంఖ్యకు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు. వీటిని అనుస్వరాలు అంటారు. సంఖ్యలు ఇలా పొంతన కలిగి ఉన్నందువల్లనే మన చెవికి అది ఒకే స్వరంగా, తియ్యగా వినిపిస్తుంది.

గుండ్రని చట్రానికి బిగించిన మామూలు చర్మం అలా కాదు. దాని మూలస్వరం 100 అనుకుంటే పైన వచ్చేవి దాదాపు 159, 214, 230, 265. ఈ అంకెలకు ఒకదానితో ఒకటి పొత్తు లేదు. అందుకే డప్పు నుంచి దరువు వస్తుంది గాని శ్రుతి రాదు. డప్పుకు అది లోపం కాదు, దాని పని వేరు. కాని ఐరోపా శాస్త్రవేత్తలు ఈ లెక్కను చూసి, చర్మవాద్యాలు సంగీతానికి తాళం అందిస్తాయే తప్ప స్వరం పలకలేవని తేల్చుకున్నారు. మన మృదంగ విద్వాంసుడు మాత్రం కచేరీకి ముందు గాయకుడి శ్రుతికి కుడి మూతను కలిపి గాని కూర్చోడు! పుస్తకం ఒకటి చెబుతోంది, చెవి ఒకటి చెబుతోంది.

రామన్ తన చెవిని నమ్మి పుస్తకాన్ని పరీక్షించారు. శివకాళి కుమార్ అనే సహచరుడితో కలిసి చేసిన ఆ పని 1920 జనవరిలో ఇంగ్లండులోని నేచర్ పత్రికలో అచ్చయింది. రహస్యమంతా మూత మధ్యన ఉండే నల్లని గుండ్రని పూతలో ఉంది. ఇనుము కలిసిన రాతిపొడినీ, ఉడికించిన అన్నాన్నీ మెత్తగా నూరి, పొర మీద పొర వేసి, నున్నటి రాయితో రుద్ది ఆరబెట్టి దానిని తయారుచేస్తారు. తబలా మీద ఉండేది కూడా అలాంటిదే, దానిని స్యాహీ అంటారు. ఈ బరువు మధ్యలో చేరగానే చర్మం కంపించే తీరు మారిపోతుంది.

ఎలా మారుతుందో చూడటానికి రామన్ మూత మీద సన్నని ఇసుక చల్లారు. చర్మం కంపిస్తున్నప్పుడు కదలని చోట్లకు ఇసుక చేరుకుని గీతలు కడుతుంది. వేలిని ఒకచోట తేలికగా ఆనించి కొడితే కొన్ని కంపనాలు అణగిపోయి మిగిలినవి బయటపడతాయి. మృదంగం వాయించేవారు ఉంగరపు వేలు ఆనించి చూపుడు వేలితో కొట్టడం మీరు గమనించే ఉంటారు. వారు తరతరాలుగా చేస్తున్న పనినే రామన్ ప్రయోగంగా వాడుకున్నారు. ఫలితం చూడండి. ఆ చర్మం తొమ్మిది రకాలుగా కంపిస్తుంది. మామూలు చర్మమైతే ఆ రకాలు ఒకదానితో ఒకటి పొంతనలేని స్వరాలుగా విడిపోవాలి. ఇక్కడ అవి ఐదు గుంపులుగా చేరాయి. మొదటి గుంపులో ఒకటి, రెండో దానిలో ఒకటి, మూడో దానిలో రెండు, నాలుగో దానిలో రెండు, ఐదో దానిలో మూడు. ఆ ఐదింటి పౌనఃపున్యాలు 1, 2, 3, 4, 5 నిష్పత్తిలో వచ్చాయి. అంటే చర్మం తీగలాగా పలుకుతోందన్నమాట.

ఆ పూతను మొదట ఎవరు కనిపెట్టారో వారి పేరు చరిత్రకు అందలేదు. ఎన్ని తరాలవారు ఎన్ని మూతలు పాడుచేసుకుని ఆ మందం, ఆ వెడల్పు పట్టుకున్నారో! వారికి ఈ లెక్క కాగితం మీద తెలియకపోవచ్చు. వేళ్ళకు తెలుసు.

తంబురను కూడా ఆయన వదలలేదు. దాని బ్రిడ్జి వంపుగా, వెడల్పుగా ఉంటుంది. తీగకూ బ్రిడ్జికీ మధ్య సన్నని దారం పెడతారు. దానిని మనవాళ్ళు జీవ అంటారు. ఆ దారాన్ని సరైన చోటికి జరిపితే తంబుర ఒక్కసారిగా నిండుగా ఝుమ్మంటుంది. తీగ ఆ వంపును మాటిమాటికీ తాకుతూ ఉండటంవల్ల పై అనుస్వరాలు బలపడతాయని రామన్ చెప్పారు. 1921లో ఈ వ్యాసం వచ్చింది. 1927లో జర్మనీలో వెలువడిన భౌతికశాస్త్ర సంపుటాలలో సంగీత వాద్యాల అధ్యాయం రాసే పనిని ఆయనకే అప్పగించారు.

తర్వాత కథ మీకు తెలిసినదే. 1921లో ఇంగ్లండు ప్రయాణంలో సముద్రపు నీలిరంగు ఆయన మనసును కాంతివైపు మళ్ళించింది. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం బయటపడింది. 1933లో బెంగుళూరు చేరారు. మరుసటి ఏడాది భారత విజ్ఞాన అకాడమీని స్థాపించి, దాని పత్రిక మొదటి సంపుటంలోనే మళ్ళీ మన చర్మవాద్యాల మీద వివరంగా రాశారు. ప్రపంచఖ్యాతి వచ్చాక కూడా మృదంగాన్ని మరిచిపోలేదు. 1954లో ఆయనకు భారతరత్న లభించింది. అదే సంవత్సరం బి.ఎస్. రామకృష్ణ, మన్ మోహన్ సోంధీ అనే ఇద్దరు ఆ నల్లని పూతగల చర్మానికి పూర్తి గణితం కట్టి అమెరికా పత్రికలో ప్రచురించారు. రామకృష్ణ తర్వాతి కాలంలో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరయ్యారు. సోంధీ అమెరికా వెళ్ళి, టెలిఫోనులో మన మాట మనకే ప్రతిధ్వనిగా తిరిగి వినిపించకుండా చేసే పద్ధతికి పునాది వేసినవారిలో ఒకరయ్యారు. రామన్ 1970 నవంబరు 21న బెంగుళూరులో మరణించారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. ఇంట్లో ప్రోగ్రాము రాసుకునే యువకుడు 100, 159, 214 అని అంకెలు ఇస్తే కంప్యూటరు డప్పు చప్పుడు చేస్తుంది. 100, 200, 300, 400, 500 అని ఇచ్చి, దెబ్బపడగానే బిగ్గరగా మొదలై త్వరగా తగ్గేటట్టు చేస్తే మృదంగం పోలిక వస్తుంది. ఫోనులోని తబలా యాప్‌లలో కొన్ని అసలు వాద్యాన్ని రికార్డు చేసి వినిపిస్తాయి. లెక్కతో శబ్దం పుట్టించేవి మాత్రం ఈ 1, 2, 3 వరుసను దాటి పోలేవు.

మీ ఫోనులో పౌనఃపున్యాలను గీతలుగా చూపే ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. మీ ఊరి భజన బృందంలో తబలా ఉంటే అడిగి, మధ్యన నల్లపూత ఉన్న కుడి వాద్యాన్ని ఒక్క దెబ్బ కొట్టించి చూడండి. గీతలు దాదాపు సమాన దూరంలో నిలుస్తాయి. తర్వాత డప్పును కొట్టించి చూడండి. పైన చెప్పిన అంకెలే కచ్చితంగా రావు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి, చర్మం మందం వాటిని కొంత మారుస్తాయి. కాని ఆ గీతల మధ్య దూరాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. రెండింటినీ మీ నోటుపుస్తకంలో పక్కపక్కన గీసి, ప్రతి గీత కింద దాని అంకె రాయండి. ప్రతి అంకెనూ మొదటి అంకెతో భాగించండి.